ఎనిమిదో చెంచా

"తెల్లారుజాము నాలుగింటికి లేచి రొట్టెలు చేసి పెట్టినావా అమ్మీ, ఆపరేషన్‌కి పోయే మనిషికి?"

తమన్నా ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి నెల్లూరు ఆసుపత్రి వరండాలో గొంతు తగ్గించి అడిగింది. రెండోసారి బస్సులో, ముందు సీటువాళ్ళు తల తిప్పి చూసేట్టు అడిగింది. ఇప్పుడు ఆత్మకూరులో తన ఇల్లు, తన వసారా. గొంతు తగ్గించాల్సిన పనే లేదు.

షరీఫున్నీసా బురఖా కూడా తీయకుండా కుర్చీ అంచున కూర్చుంది, పిలవకుండా వచ్చిన చుట్టంలాగ.

"నేను చెప్పిందేంది, మీరు చేసిందేంది అత్తా!" అన్నాడు అల్లుడు ముస్తాక్, చెమటపట్టిన ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటూ. ఆ రోజు బస్సు డ్యూటీ వేరేవాళ్ళకు అప్పజెప్పి మరీ వెంట వచ్చినాడు. "ఖాళీ కడుపుతో రావాల, నీళ్ళు గూడా ముట్టగూడదు అని చెప్పినానా లేదా?"

"చెప్పినావు నాయనా. అందుకే గదా రోజా ఉపవాసానికి మాదిరి తెల్లారకముందే సహరీ పెట్టింది. రెండు రొట్టెలు, ఒక కోడిగుడ్డు, గ్లాసుడు టీ. ఆ తర్వాత చుక్క నీళ్ళు ముట్టనీలా. బస్సులో ఉమ్ము గూడా మింగలా ఆయన."

"అది రోజా కాదమ్మీ! ఆపరేషన్!"

"నాకేం తెలుసే? యాభై ఏళ్ళుగా నాకు తెలిసిన ఖాళీ కడుపు అదొక్కటే."

తమన్నా మొగుడి మీదికి తిరిగింది. "నువ్వు రాత్రి పది తర్వాత అని చెప్పినావా? టైము చెప్పినావా?"

"డిపోలో బండి తీయబోతా ఫోన్ చేసినా. కండక్టరు విజిల్ ఏస్తా ఉండాడు. పురాణమంతా చెప్పమంటావా?"

"ఒక్క టైము చెప్తే పురాణమంట!"

ఉదయం నర్సు అడిగిన మాట షరీఫున్నీసా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. ఆఖరిసారి ఏం తిన్నారు పెద్దాయనా, ఎప్పుడు తిన్నారు? అప్పటికే మొగుడు బర్కతుల్లాకు ఆకుపచ్చ గౌను తొడిగినారు. పచ్చ గౌనులో, తెల్లటి గడ్డంతో, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లవాడిలా గర్వంగా చెప్పినాడు. "నాలుగున్నరకే సహరీ ముగించినానమ్మా. పూర్తిగా నియమంతో ఉండా." నర్సు చేతిలో కాగితం బల్ల మీద పెట్టేసింది. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషికే ప్రమాదమన్నారు. గౌను విప్పించినారు. మళ్ళీ మూడు వారాల దాకా ఖాళీ లేదన్నారు.

మూడు వారాలు. డాక్టర్ మధులత మొదటిరోజే కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కడుపు గోడ ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఉంటుంది. మచ్చ ఇంకా పైపొరలోనే ఉంది. ఇప్పుడైతే నోట్లోంచి గొట్టం పంపి, ఆ పొరను ఒలిచేస్తే సరిపోతుంది. పొట్ట మీద గాటు కూడా పడదు, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పోవచ్చు. ఆలస్యమై మచ్చ లోపలికి దిగిందంటే పొట్ట కోసి, కడుపులో పెద్ద ముక్కే తీసెయ్యాలి. దాని అసలు పేరు డాక్టరమ్మ ఒకే ఒక్కసారి పలికింది. ఆ తర్వాత అందరూ మచ్చ అనే అంటున్నారు.

ఇంత రచ్చ జరుగుతున్నా గడప మీద కూర్చున్న బర్కతుల్లా వీధిలోకే చూస్తున్నాడు. ఇప్పుడు మాత్రం లేచి, చేతిసంచి భుజాన వేసుకున్నాడు.

"యాడికి అబ్బా?"

"ఇంటికి. చెంచాల కొయ్య ఎండిపోతా ఉంటాది."

"మూడు వారాల తర్వాత తేదీ..."

"తేదీ గీదీ ఏం లేదు. ఆపరేషన్ మేజా దాకా పంపిన అల్లానే వాపసు పంపినాడు. ఇంక నా కడుపు మీద ఎవురూ చెయ్యి వెయ్యాల్సిన పని లేదు."

"అల్లా కాదు, అమ్మీ రొట్టెలు పంపినాయి వాపసు!"

ఆ మాటకు ముస్తాక్ నవ్వబోయి ఆపుకున్నాడు. బర్కతుల్లా నవ్వలేదు. చెప్పులు వేసుకుని బస్టాండు దారి పట్టినాడు. షరీఫున్నీసా కూతురి ముఖంలోకి చూడకుండా ఆయన వెనకాలే నడిచింది.

*

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో చేతిసంచి.

ఆత్మకూరు ఆమె పుట్టిల్లు. నలభై రెండేళ్ళ కిందట ఇదే బస్టాండులో, ఇదే దారిన, కొత్త పెళ్ళికూతురిగా ఎక్కింది. అప్పుడు మధ్యలో ఇంకో సంచి ఉండేది, కుట్టుమిషన్ తలకాయ పెట్టిన సంచి. మొగుడి వైపు తిరిగి చూసే ధైర్యం లేక దారంతా కిటికీలోంచి చూసింది. ఉన్నట్టుండి బస్సు మలుపు తిరిగితే ఎదురుగా కొండ. కొండ మీద కూలిన కోట గోడలు. "అదే మా ఊరు" అన్నాడు ఆయన. పెళ్ళయినాక ఆయన తనతో పలికిన మొదటి మాట అదే.

ఇంట్లో అడుగుపెట్టిన మరుసటి రోజే మామ ఆమె చేతికి వంకర ఉలి ఇచ్చినాడు. ఆ ఇంట్లో మగవాళ్ళు కొయ్య కోసి చెంచా రూపు తెస్తే, గుంతలో మిగిలిన గరుకు గీకి నునుపు చేయడం ఆడవాళ్ళ పని. గుంత ఆకంత పలచన కావాలి, అయినా విరగకూడదు. షరీఫున్నీసా మొదటి వారంలో ఏడు చెంచాలకు చిల్లులు పెట్టింది. ఏడింటినీ మామ పొయ్యిలో వేసి, వాటి మంట మీదే టీ కాచినాడు. "నా కోడలి చెంచాలతో కాగిన టీ. రుచిగా ఉండాది" అన్నాడు, అందరి ముందరా. ఆమె దొడ్లోకి పోయి ఏడ్చింది.

ఎనిమిదో చెంచాకు గుంతలో నల్లమచ్చ ఉంది. దాన్ని గీకక తప్పదు, గీకితే చిల్లు తప్పదు. మామ నమాజుకు పోయిన సందులో బర్కతుల్లా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు కొస చింపి, తడిపి, మచ్చ మీద అదిమి పెట్టినాడు. "కాసేపుండు. కొయ్య నీళ్ళు తాగి ఉబ్బుతాది. ఉబ్బినంత వరకే గీకు. అడుగు జోలికి పోకు. ఆరితే మళ్ళీ తడుపు" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. వేళ్ళ సందుల్లో కొయ్యపొడి. మామ తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెరొక మూల ఉన్నారు. చెంచాలో మచ్చ లేదు.

"దుత్తలూరు దిగేవాళ్ళు!" అని కండక్టరు కేకవేస్తే షరీఫున్నీసా ఉలిక్కిపడింది. పక్కకు చూసింది. బర్కతుల్లా కళ్ళు తెరిచే ఉన్నాయి. బొటనవేలిని చూపుడువేలికి ఆనించి, మధ్యలో ఏదో కొలుస్తున్నట్టు, వెంట్రుకవాసి దూరం తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

*

ఇంటి ముందు మాలకొండయ్య అరుగు మీద కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకప్పుడు కొండెక్కి కొయ్య మోసుకొచ్చిన జతగాళ్ళు. ఇప్పుడు ఒకడు చెంచాలు చెక్కితే, ఇంకొకడు ఆ పక్కన కూర్చుని బీడీ తాగుతూ మాటలు చెక్కుతాడు.

"అప్పుడే వచ్చేసినావేందిరా? యాడ కుట్లు?"

"కుట్లుండవంట ఆ ఆపరేషన్‌కి."

"కుట్లు లేకుండా ఆపరేషనేందిరా? ఇదిగో, ఇదీ ఆపరేషనంటే!" మాలకొండయ్య చొక్కా ఎత్తి, పదేళ్ళ కిందటి హెర్నియా గాటు చూపించినాడు. ఉదయగిరిలో ఆ గాటు చూడనివాళ్ళు లేరు. "పద్నాలుగు కుట్లు. లెక్కేసుకో."

"నువ్వు మూసుకో అన్నా, చలిగాలి కొడతా ఉండాది" అంది షరీఫున్నీసా తాళం తీస్తూ. "అసలు చెయ్యనేలేదు. తిని పోయినాడని తిప్పి పంపినారు."

"తిని పోయినాడా? ఎవురు పెట్టినారు?"

ఆమె తలుపు తోసుకుని లోపలికి పోయింది. మాలకొండయ్యకు అర్థమైంది. బీడీ చెప్పుకింద నలిపి, "సరే, రేపొస్తాలే" అని లేచిపోయినాడు.

పొద్దు కొండవైపు వాలుతున్నది. బర్కతుల్లా చొక్కా విప్పి, పని చాప మీద కూర్చున్నాడు. పండుగ ముందు హైదరాబాదు ప్రదర్శనకు పంపాల్సిన చెంచాల గుట్ట ముందరుంది. ఒక్కొక్కటీ తీసి, పడమటి వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తున్నాడు. గుంత పలచనైన చోట వెలుతురు ఎర్రగా దిగుతుంది. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి మందం చూస్తాడు. పక్కన పెడతాడు. ఇంకొకటి తీస్తాడు. చెక్కడం లేదు. ఊరికే చూస్తున్నాడు.

టీ పెట్టడానికి పోయిన షరీఫున్నీసా వంటింటి గడపలోనే ఆగిపోయింది. బస్సులో ఆ వేళ్ళు ఏం కొలిచినాయో ఇప్పుడు తెలిసింది.

సంతకం పెట్టేముందు డాక్టరమ్మ ప్రతిమాటా విడమరిచి చెప్పింది. ఒలిచేటప్పుడు వందలో ముగ్గురు నలుగురికి కడుపు గోడకు చిన్న చిల్లు పడవచ్చు, పడినా లోపలే క్లిప్పు వేసి మూసేస్తాం, భయం లేదు అన్నది. అందరూ భయం లేదు అన్న మాట పట్టుకుని ఇంటికి వచ్చినారు. ఈయన ఒక్కడు చిల్లు అన్న మాట పట్టుకుని వచ్చినాడు.

ఆమె వచ్చి చాప అంచున కూర్చుంది.

"అజీ. వాపసు పంపింది అల్లా కాదు గదా?"

ఆయన చెంచా వెలుతురుకు ఎత్తినాడు.

"చిల్లుకు గదా నీ భయం?"

వీధిలో ఎవరిదో మేక అరుస్తున్నది.

"నలభై ఐదేళ్ళుగా గుంత తొలస్తా ఉండా షరీఫా" అన్నాడు చివరికి. "పట్టపగలు, ఒళ్ళో పెట్టుకొని, కళ్ళతో చూస్తా. అయినా నెలకొకటి చిల్లు పడతాది. ఆ డాక్టరు బిడ్డకు ముప్పై ఐదేళ్ళు గూడా ఉండవు. బారెడు గొట్టంలోంచి, టీవీలో చూస్తా తొలస్తాదంట. కొయ్య అయితే పొయ్యిలో వేసి ఇంకోటి తీసుకుంటాం. నేనేం కొయ్యనా?"

"ఈ మాట అక్కడే అడగొచ్చు గదా?"

"ఏమని అడిగేది? నీ చెయ్యి చూపించమ్మా అనా?"

ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగి అడిగింది. "ఆయమ్మ గీసిన బొమ్మ చూసినావా నువ్వు?"

"చూసినా."

"చూడలా. గోడ మీద క్యాలెండరు చూస్తా కూర్చున్నావు. బొమ్మలో మచ్చ కింద నీలంరంగు గీసింది. అదేంది?"

"ఏంది?"

"నీళ్ళు. మందు కలిపిన నీళ్ళు. కత్తి పెట్టకముందే సూదితో మచ్చ అడుగుకు ఎక్కిస్తాదంట. మచ్చ బుడిపెలాగా పైకి లేస్తాదంట. లేసినదాని చుట్టూ కోసి, అడుగు తాకకుండా ఒలిచేస్తాది."

బర్కతుల్లా చెయ్యి గాలిలోనే ఆగింది.

షరీఫున్నీసా లేచి వంటింట్లోకి పోయింది. ఉప్పు జాడీలోంచి చెంచా తీసి, బురఖా అంచుతో తుడిచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. నలభై రెండేళ్ళుగా ఉప్పు తిని తిని అది తేనెరంగుకు తిరిగింది. కాడ వంకర. గుంతలో ఒక పక్క మిగతాదానికంటే కొంచెం లోతు.

"ఇంకా ఉంచినావా దీన్ని?"

"రోజూ తినే ఉప్పు దీంతోనే వేస్తా ఉండా. నువ్వే చూడలా."

ఆయన చెంచాను తిప్పి చూసినాడు. ఆ తర్వాత ప్రతి చెంచాకూ ఆఖర్లో చేసే పని చేసినాడు. నాలుకకు ఆనించి గరుకు చూసినాడు. నోట్లో పెట్టుకునే వస్తువును వేలితో చూస్తే చాలదని వాళ్ళ నాయన నేర్పినాడు.

"ఉప్పగా ఉండాది" అన్నాడు.

"మరి తియ్యగా ఉంటాదా?"

పెదవుల చివర ఏదో కదిలింది. ఆ ముఖంలో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఒక్క క్షణం కనబడి మళ్ళీ గడ్డంలోకి దాక్కున్నాడు. ఆ తర్వాత బర్కతుల్లా, కొయ్య కొనేటప్పుడు బేరం మొదలుపెట్టే గొంతుతో అడిగినాడు.

"ఆరిపోతే?"

"ఏంది?"

"ఆ నీళ్ళు. మధ్యలో ఇంకిపోతే? కత్తి అడుగుకు దిగదా?"

"మళ్ళీ ఎక్కిస్తాదంట. ఎన్నిసార్లు కావాల్నంటే అన్నిసార్లు. నేనడిగినా."

"నువ్వు అడిగినావా? డాక్టరమ్మను?"

"ఏడు చెంచాలు కాల్చుకున్నదాన్ని. అడగనా?"

అప్పుడే ఫోన్ మోగింది. తమన్నా. పొద్దున్నుంచీ ఉన్న కోపం ఆ గొంతులో లేదు, ఆయాసం ఉంది. "అమ్మీ, ఆసుపత్రినుంచి ఫోన్ చేసినారు. సోమవారం చేయించుకోవాల్సినోళ్ళు రావట్లేదంట. అబ్బాను పెట్టుకుంటారంట. ఇప్పుడే చెప్పాల, లేకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏం చెప్పమంటావు? అబ్బా ఒప్పుకుంటాడా?"

షరీఫున్నీసా ఫోన్‌ను చేత్తో మూసి మొగుడి వైపు చూసింది.

"వస్తానని చెప్పు" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా వేలెత్తినాడు. "ఒక్క మాట. ఒలిచిన పొరను పరీక్షకు పంపుతారు గదా. అడుగుదాకా మచ్చ దిగి ఉండాదని వచ్చిందనుకో. అప్పుడు పొట్ట కోస్తామంటారు. దానికి మాత్రం నన్ను పంపొద్దు. కడుపు తీయించుకొని, మంచం మీద జావ తాగతా పడుండే బతుకు నాకొద్దు. ఉన్నన్నాళ్ళు ఈ చాప మీద ఉంటా. మాట ఇయ్యి."

"అమ్మీ? ఉన్నావా?" ఫోన్లో తమన్నా.

"సోమవారం వస్తామని చెప్పు" అంది షరీఫున్నీసా. "రాత్రి ఎన్ని గంటల నుంచి తినకూడదో కనుక్కొని, కాగితం మీద రాసి ముస్తాక్‌తో పంపు." ఫోన్ పెట్టేసింది.

"నేనడిగినదానికి చెప్పలేదే" అన్నాడు బర్కతుల్లా.

"అట్టాంటి మాట నేనియ్యను."

"అయితే నేను పోను."

"ఇప్పుడే గదా వస్తానన్నావు!"

"నువ్వు మాటిస్తే వస్తానన్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నలభై రెండేళ్ళ కాపురంలో ఇలాంటి చూపులు చాలానే గడిచినాయి. కుట్టుమిషన్ అమ్మనన్నప్పుడు, తమన్నాను కాలేజీకి పంపాలన్నప్పుడు. ఎప్పుడూ ఎవరో ఒకరు టీ పెట్టుకోవడానికి లేచిపోయేవాళ్ళు. ఈసారి ఎవరూ లేవలేదు.

బర్కతుల్లా గుట్ట వెనక చెయ్యి పెట్టి వెతికి, ఒక చెంచా బయటికి లాగినాడు. ఇందాక చూసి పక్కన పెట్టింది కాదు, నాలుగు రోజుల కిందట పొయ్యికని తీసిపెట్టింది. గుంత మధ్యలో బఠాణీ గింజంత నల్లమచ్చ. ఎంత లోతుందో పైకి తెలియదు.

కాడ మీద గోటితో అడ్డంగా ఒక గీత గీసినాడు.

"చెంచా మార్చేస్తావేమో, నా గుర్తు" అన్నాడు. చెంచాతో పాటు వంకర ఉలిని కూడా ఆమె ముందుకు జరిపినాడు. "ఆదివారం సాయంత్రానికి దీని మచ్చ తియ్యి. నేను చెయ్యి వెయ్యను, నోరు తెరవను. చిల్లు పడకుండా మచ్చ పోయిందా, డాక్టరమ్మ ఏం చెప్తే అది. ఎన్నిసార్లు కోసినా సరే. చిల్లు పడిందా, నేనడిగిన మాట ఇచ్చినట్టే."

"నేను ఉలి పట్టుకొని ముప్పై ఏళ్ళయింది!"

"నాకు తెలుసు."

"కళ్ళు గూడా సరిగ్గా ఆనటం లేదు నాకు."

"అదీ తెలుసు" అన్నాడు. ఆ గొంతులో పందెం వేసినవాడి గట్టితనం లేదు. ఓడిపోవాలని ఉన్నవాడి మెత్తదనమూ లేదు. ఏముందో ఆమె పోల్చుకోలేకపోయింది.

షరీఫున్నీసా ఇంకా ఒంటిమీదే ఉన్న బురఖాను విప్పి మేకుకు తగిలించింది. కళ్ళజోడు తెచ్చుకుంది. పాత తువ్వాలు కొస పళ్ళతో పట్టి చింపి, చెంబులో ముంచి, పిండి, నల్లమచ్చ మీద అదిమి పెట్టింది.

బర్కతుల్లా గోడకు జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నాడే గానీ, ఆయన బొటనవేలు చూపుడువేలి మీద మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.

కొయ్య నీళ్ళు తాగేదాకా ఆమె ఆగింది. గుడ్డ ఎత్తింది. మచ్చ ఉబ్బింది. ఉలి మొనను దాని అంచుకు ఆనించి, మొదటి పొర లేపింది.

పొర కింద కొయ్య తెల్లగా లేదు.